ఆ వేలు నాకు తెలియలేదు

నేను ఒక అబద్ధాల ఫోన్‌ను. కావాలని ఆడినవి కావు గానీ, లెక్కపెడితే నూట ఎనభై నాలుగు అబద్ధాలు ఆడాను. అన్నీ ఒకే మనిషి మీద. ఎదురుగా కూర్చుని చెవులు రిక్కించి పాఠం వింటున్న మనిషిని పట్టుకుని, ఆమె క్లాసులో లేదని యూనివర్సిటీకి చెప్పాను. మనిషినైతే దొంగసాక్ష్యం కింద లోపల వేసేవారు. ఫోన్ జన్మ కాబట్టి పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ గోడకు మేకు మీద వేలాడుతున్నాను. ఇది శిక్షో బహుమానమో కథంతా విన్నాక మీరే తేల్చండి.

నన్ను తయారుచేసిన చోట తెల్లటోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు వరసగా నిలబడి పనిచేసేవారు. ఆఖరి వరసలో ఒకమ్మాయి చేతి తొడుగు తీసి నా తెర మీద తొమ్మిది చోట్ల వేలు ఆనించి చూసింది. తొమ్మిదిసార్లూ పలికాను. మెత్తటి వేలు, తమలపాకులా ఉంది. లోకంలో వేళ్లన్నీ ఇలాగే ఉంటాయని నేననుకున్నాను. నన్ను గీసిన ఇంజనీర్లూ అలాగే అనుకుని ఉంటారు, ఎందుకంటే వాళ్ల వేళ్లూ అలాంటివే.

నా మొదటి యజమాని సాకేత్. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతుండేవాడు. అవి క్లాసులన్నీ ఫోన్లోకి వచ్చేసిన రోజులు. నన్ను దిండుకు ఆనించి, కెమెరా ఆపేసి, దుప్పటి ముసుగేసుకునేవాడు. తెర మీద అతని పేరు మాత్రం బుద్ధిగా వెలుగుతుండేది. పిల్లలు వింటున్నారో లేదో కనిపెట్టడానికి ఆ క్లాసులో ఒక ఏర్పాటుండేది. క్లాసుకు మూడుసార్లు తెర మీద ఒక పచ్చ బటన్ వస్తుంది. నిమిషంలోగా నొక్కితే ఉన్నట్టు, నొక్కకపోతే లేనట్టు. సాకేత్ నిద్రలోనే చెయ్యి చాపి టక్కున నొక్కేవాడు. ఏడాది చివర అతని హాజరు తొంభై ఎనిమిది శాతం. శ్రద్ధగల విద్యార్థి అని ఒక కాగితం కూడా వచ్చింది. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి గురించి విన్నాను గానీ, దానికి సర్టిఫికెట్ ఇవ్వడం అక్కడే చూశాను.

పాపం, ఆ పిల్లాడు చెడ్డవాడేం కాదు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఏడాది మొత్తంలో లెక్చరర్లు అతన్ని పేరుపెట్టి పిలిచింది రెండేసార్లు. రెండోసారి పిలిచినప్పుడు కంగారులో నన్ను మంచం మీంచి కింద పడేశాడు. నా కుడిమూల పగులు అప్పటిదే. తర్వాత కొత్త ఫోన్ కొనుక్కున్నాడు. నేను చేతులు మారుతూ పలాస బస్టాండు పక్కన పాత ఫోన్ల దుకాణానికి చేరాను.

అక్కడికి ఢిల్లేశ్వరి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. దుకాణం వాడు నన్ను చేతికిచ్చాడు. ఆమె బొటనవేలు పెట్టింది. నేను పలకలేదు. చూపుడువేలు పెట్టింది. అప్పుడూ పలకలేదు. "ఫోన్ బానే ఉందమ్మా, నీ వేళ్లే..." అంటూ వాడు నసిగాడు.

"తెల్సులే," అంది ఢిల్లేశ్వరి. వేలు మడిచి కణుపుతో తట్టింది. అప్పుడు పలికాను. "బతికే ఉంది. ఇయ్యి," అంది.

ఆమె వేళ్ల సంగతి నాకు మర్నాడు ఫ్యాక్టరీలో తెలిసింది. జీడిపిక్కను కాలితో తొక్కే కత్తెర మధ్య పెట్టి పెంకు చీల్చడం ఆమె పని. చీలిన పెంకులోంచి నల్లటి జిగురు నూనె కారుతుంది. ఒంటికి తగిలితే తోలు ఊడిపోతుంది. అందుకని చేతులకు మోచేతిదాకా ఆముదం రాసుకుని, పైన బూడిద అద్దుకుంటారు. అయినా పదేళ్లకు వేలికొసలు అరిగి, మొద్దుబారి, నున్నటి గులకరాళ్లలా అవుతాయి. ఆధార్ దగ్గరా రేషన్ దగ్గరా వేలిముద్ర పడక వెనక్కి తిరిగొచ్చిన వేళ్లవి.

ఆ చేతులతోనే ఆమె ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతోంది. అంతా ఆన్‌లైన్లోనే. సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా క్లాసు. పనీ అప్పుడే. నన్ను రబ్బరు బ్యాండుతో కిటికీ ఊచకు కట్టి, ముక్కు కొసతో నొక్కి క్లాసులోకి వెళ్లేది. ఆ ముక్కు విన్యాసం చూసి మొదటివారమంతా షెడ్డులో ఆడవాళ్లు కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. ఆమె లెక్కచేయలేదు. చేతులు కత్తెర మీద, చెవులు నా మీద. ఎం.ఏ. అయితే జూనియర్ కాలేజీలో పాఠం చెప్పవచ్చన్నది ఆమె పట్టుదల. కోర్సును ఈ బ్యాచ్‌తో ఆపేస్తారని అప్పటికే చెప్పేశారు. అంటే ఆమెకు ఉన్నది ఒక్క అవకాశమే.

ఇక్కడా అదే పచ్చ బటన్. అది వచ్చి గంట కొట్టినట్టు మోగగానే ఆమె చెయ్యి చాపి బొటనవేలితో గట్టిగా నొక్కి, వెంటనే కళ్లు కత్తెర మీదికి తిప్పుకునేది. కత్తెర దగ్గర కన్ను ఏమారితే వేలు పోతుంది మరి. పని మధ్యలో ముక్కు వంచే వీలు లేదు, గట్టిగా నొక్కితే వేలికైనా పలుకుతాననుకునేది. మళ్లీ తలెత్తేసరికి బటన్ ఉండేది కాదు. హాజరు పడిందనుకునేది. నొక్కకపోయినా నిమిషానికి అది దానంతటదే మాయమవుతుందని ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆ ఆముదం కింద, ఆ బూడిద కింద, ఆ మొద్దుబారిన తోలు కింద ఉన్న వేలు నాకు తెలిసేది కాదు. తెర మీద బరువు పడుతోందని మాత్రం తెలిసేది. బరువును వేలని చెప్పడం నాకు నేర్పలేదు. ఫ్యాక్టరీ సెలవు రోజుల్లో ఇంట్లో కడిగిన చేతి కణుపుతో నొక్కేది కాబట్టి ఆ హాజర్లు పడేవి. మిగతావన్నీ నా ఖాతాలో అబద్ధాలు. నోరుండీ చెప్పలేని బతుకు నాది.

ఇంతకీ పొద్దున్నుంచీ పెంకులు చీల్చి చీల్చి అలసిన మనిషి నిద్రపోకుండా గంటన్నర పాఠం ఎలా వినేది? సాకేత్‌కు మెత్తటి దిండుండి కూడా వల్లకాని పని ఇది. నేను కనిపెట్టిన కిటుకు తవిటమ్మ. క్లాసవగానే టీ వచ్చేది. గ్లాసు అందుకుంటూనే తవిటమ్మ అడిగేది. "ఏటే గుంటా, ఈయేళ ఏటి సెప్పింది మీ మేడమ్?" అంతే, పన్నెండుమంది ఆడవాళ్లు చుట్టూ మూగేవారు. ధరలు ఎందుకు పెరుగుతాయో, కరువు ఎవర్ని ముందు కొడుతుందో ఢిల్లేశ్వరి వాళ్ల భాషలో చెప్పాలి. సరిగా వినకపోతే తవిటమ్మ ఊరుకునేది కాదు. "నీకే తెలీనట్టుందే, రేపు మేడమ్‌ని అడిగి రా," అని తిప్పి పంపేది. అలా పంపించుకోవడం ఇష్టం లేక ఢిల్లేశ్వరి ఒళ్లంతా చెవులు చేసుకుని వినేది.

తవిటమ్మ అంటే మామూలు మనిషి కాదు. పిక్కల బస్తాలు లారీ దిగగానే అవి మంచివో కాదో తేల్చే పని ఆమెది. ఒక గుప్పెడు పైనుంచి, ఒకటి మధ్యలోంచి, చెయ్యి భుజందాకా దూర్చి ఒకటి అడుగునుంచి తీస్తుంది. అన్నీ చీల్చి చూసి మాట చెబుతుంది. ఆ మాటకు షావుకారు కూడా ఎదురు చెప్పడు.

పరీక్షలు నెల ఉందనగా ఒక మధ్యాహ్నం ఢిల్లేశ్వరికి నా ద్వారానే ఒక కబురొచ్చింది. హాజరు నలభై ఒక్క శాతం, హాల్‌టికెట్ ఇవ్వడం కుదరదు, చెప్పుకోవలసింది ఉంటే గురువారం పదకొండు గంటలకు ఆన్‌లైన్లో చెప్పుకోవచ్చు అని. ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. చేతిలో పిక్క చేతిలోనే ఉంది. "నూట నాలుగు క్లాసులు పిన్నీ. ఒక్కటి మాననేదు," అంది తవిటమ్మతో. నాకు పగిలిన మూల మళ్లీ పగిలినట్టనిపించింది.

"మరి మాననేదని సెప్పు. నోరు నేదేటి?" అంది తవిటమ్మ.

ఆ సాయంత్రం నాలుగింటికి ఢిల్లేశ్వరి చెప్పడానికే సిద్ధమై, ముక్కుతో మైక్ తెరిచిపెట్టుకుని కూర్చుంది. పాఠం చెప్పే హేమనళిని మేడమ్ ఆరోజు హుషారుగా ఉంది. ఆన్‌లైన్ క్లాసుల్లో విద్యార్థులను శ్రద్ధగా కూర్చోబెడుతున్నదేమిటో కనుక్కుని నివేదిక రాయమని యూనివర్సిటీ ఆమెను అడిగిందట. ప్రశ్నలు ఫోన్లకు పంపింది. క్లాసులో అరవై రెండు మంది ఉంటే ఇరవై ముగ్గురు జవాబిచ్చారు. అందులో ఇరవై ఒక్కరు పాఠాలు చాలా బాగున్నాయని, బటన్ ఏర్పాటు శ్రద్ధను పెంచుతోందని రాశారు. "అందర్నీ అడగనక్కర్లేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా? నమూనా అంటే అదే," అంది మేడమ్. అరవై రెండు పేర్లలో ఒక్కటీ కదల్లేదు. గోడకు చెప్పినట్టే ఉంది.

"అన్నానికీ పిక్కలకీ పోలికేటి?"

తవిటమ్మ గొంతు అది. తనలో తాను అనుకున్నట్టే అంది గానీ, తవిటమ్మ తనలో తాను అనుకుంటే వీధి చివరకు వినబడుతుంది. తెరిచిన మైకు సంగతి ఆమెకేం తెలుసు. "అన్నం ఒక్క కుండలో ఒక్క నీల్లలో ఉడుకుతాది. బస్తాలో పిక్కలు ఏ తోటవో ఏ సెట్టువో! పైన గుప్పెడు తీసి బస్తా బాగుందంటే మా షావుకారు తన్నీడూ? అడుగున సెయ్యెట్టి సూడాల!"

ఢిల్లేశ్వరి ఉలిక్కిపడింది. మైకు ఆపడానికి ముక్కు ముందుకు చాచింది.

"ఆపకండి," అంది మేడమ్. "ఎవరండీ ఆవిడ?"

"మా తవిటమ్మ పిన్ని, మేడమ్. బస్తాల నమూనా తీసే మనిషి. తప్పుగా అనుకోకండి."

"తప్పు నాది," అంది మేడమ్ మెల్లగా. "పదిహేనేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. అడుగున ఎవరున్నారో ఎప్పుడూ చెయ్యి పెట్టి చూడలేదు. నాకు జవాబివ్వని ముప్పై తొమ్మిది మంది ఎక్కడున్నారు?"

ఢిల్లేశ్వరి మోచేత్తో కెమెరా బొమ్మను నొక్కింది. పొరపాటున మాత్రం కాదు, అక్కడ బూడిద అంటని చోటు చూసుకుని మరీ నొక్కింది. ఆ క్లాసుకు ఆమె మొహం కనబడటం అదే మొదటిసారి. "నేనున్నాను మేడమ్, అడుగున. నలభై ఒక్క శాతం," అని రెండు చేతులూ నా ముందు పెట్టింది.

ఆ నల్లటి చేతులను అందరికీ చూపించింది నా కంటితోనే కాబట్టి నాకు కాస్త పాపం తగ్గినట్టనిపించింది. ఒక నిమిషం తర్వాత ఇంకో కెమెరా తెరుచుకుంది. ఆటో ఆపుకుని చెట్టుకింద వింటున్నవాడు. తర్వాత ఒళ్లో పసిపిల్లతో ఒకామె. బటన్ మోగితే పిల్ల లేస్తుందని ఫోన్ గొంతు బాగా తగ్గించి చెవికి ఆనించుకుని వినేదట, అందుకని బటన్ వచ్చేది కనిపించేది కాదట. ఆరోజు క్లాసు ఆరున్నర దాకా నడిచింది. వెళ్లమన్నా ఎవరూ వెళ్లలేదు.

కానీ క్లాసు వేరు, యూనివర్సిటీ వేరు. గురువారం పదకొండింటికి ఢిల్లేశ్వరి కావాలనే కత్తెర ముందునుంచి లేవలేదు. ఆముదం, బూడిద అలాగే ఉన్నాయి. తెర మీద ముగ్గురు. మధ్యలో పరీక్షల విభాగం పెద్దసారు, ఒక పక్క గుమాస్తా, ఇంకోపక్క హేమనళిని మేడమ్.

"చూడమ్మా, నీ మీద మాకు కక్షేం లేదు," అన్నాడు పెద్దసారు. "మిషన్‌కు బంధుప్రీతి ఉండదు. నువ్వు లేవని అది చెబుతోంది."

"దాన్ని ఇప్పుడు అడగండి సార్, ఉన్నానో లేనో," అంది ఢిల్లేశ్వరి. "ఆ బటన్ పంపండి. పనిలో ఎలాగుంటానో అలాగే ఉన్నాను."

గుమాస్తా బటన్ పంపాడు. పచ్చగా వచ్చింది. ఢిల్లేశ్వరి బొటనవేలితో నొక్కింది. చూపుడువేలితో నొక్కింది. ఒక్కొక్క వేలే, పదీ అయిపోయాయి. నేను నా చిన్ని శక్తినంతా కూడదీసుకుని ఆ వేలికోసం వెతికాను. ఒట్టు, అంతగా దేనికోసమూ వెతకలేదు. బరువు తప్ప ఏమీ తెలియలేదు. నిమిషం గడిచింది. బటన్ పోయింది. గుమాస్తా తన తెర చూశాడు. "ఆబ్సెంట్ పడింది సార్."

ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్న మనిషికి, ముగ్గురు పెద్దమనుషులు కళ్లారా చూస్తుండగా, ఆబ్సెంట్ పడింది. అది నేను ఆడిన ఆఖరి అబద్ధం. నా బతుకులో నేను చేసిన ఒకే ఒక్క మేలు కూడా అదే.

"ఇంకోటి పంపండి సార్," అంది ఢిల్లేశ్వరి. ఈసారి వంగి ముక్కు ఆనించింది. అవతల తెరంతా ఆమె ముక్కే నిండిపోయి ఉంటుంది.

"ప్రెజెంట్ పడింది సార్," అన్నాడు గుమాస్తా.

"నా ముక్కు వచ్చింది సార్ క్లాసుకి. నేను రాలేదు," అంది ఢిల్లేశ్వరి. షెడ్డులో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దసారు నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరే, మిషన్ తప్పని ఒప్పుకున్నాను. అయినా ఆ రోజుల్లో నువ్వు నిజంగా విన్నావని నాకు రుజువేది?"

"నేను లేనని రాసున్న రోజు ఏదైనా చెప్పండి."

ఆయన కాగితం చూశాడు. "అక్టోబరు పన్నెండు."

ఢిల్లేశ్వరి కళ్లు మూసుకుంది. "ఆరోజు సగటు గురించి పాఠం సార్. పదిమందిలో ఒకడు విందు తిని తొమ్మిదిమంది పస్తుంటే, సగటున అందరూ తిన్నట్టే లెక్కొస్తుందని, అందుకే సగటును ఒంటరిగా నమ్మకూడదని చెప్పారు. మధ్యలో మేడమ్ ఇంట్లో కుక్కర్ నాలుగు కూతలేసింది. మూడో కూతకే లేవాలి, మీ పుణ్యాన పప్పు మెత్తబడిపోయింది అన్నారు. ఎవరూ నవ్వలేదు. మేము ఇక్కడ నవ్వాం, మైకు లేదు కాబట్టి వినపడలేదు."

హేమనళిని మేడమ్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిజమే సార్," అంది. "ఏడాదంతా ఖాళీ గదిలో మాట్లాడుతున్నాననుకున్నాను. నవ్వినవాళ్లున్నారని నాకు తెలియదు."

వెనకనుంచి తవిటమ్మ తగులుకుంది. "ఆ పస్తుల లెక్క మాక్కూడా సెప్పింది బాబూ ఈ గుంట. కావాలంటే నన్నడుగు, నేనూ సెప్తాను!"

పెద్దసారు కళ్లజోడు పెట్టుకున్నాడు. "అవసరం లేదమ్మా. హాల్‌టికెట్ ఇచ్చేయండి," అన్నాడు గుమాస్తాతో.

ఆ బటన్ అందరికీ తీసేశారా అంటే, లేదు. యూనివర్సిటీలు అంత తొందరగా మారితే ఇంకేం. హేమనళిని మేడమ్ మాత్రం తన క్లాసులో దాన్ని పక్కన పెట్టేసింది. రోజుకు పదిమందిని పేరుపెట్టి పిలిచి, నిన్న విన్నది ఇంట్లోనో పనిలోనో ఎవరికి చెప్పారు, వాళ్లేమన్నారు అని అడిగేది. ఆ ప్రశ్న తమదాకా వస్తుందని తెలిశాక జనం వినడం మొదలుపెట్టారు. తన నివేదిక కూడా చింపేసి, ముప్పై తొమ్మిది మందికీ ఫోన్లు చేసి మళ్లీ రాసింది. అందులో తవిటమ్మ పేరుందని ఢిల్లేశ్వరి చదివి వినిపించింది. తవిటమ్మ ఆరోజు ఏ బస్తా మీదా చెడ్డమాట చెప్పలేదు.

ఢిల్లేశ్వరి పరీక్ష రాసింది, గట్టెక్కింది. పక్క మండలంలో జూనియర్ కాలేజీలో గంటల లెక్కన పాఠం చెబుతోంది. వేలికొసలు ఇంకా నున్నగానే ఉన్నాయి. సుద్దముక్క మాత్రం వాటికి బాగా పట్టుబడుతుందట. ఆమెకు కొత్త ఫోన్ వచ్చింది. నా తెర ఇప్పుడు సగం నల్లబడి, మెత్తటి వేలికీ మొద్దు వేలికీ దేనికీ పలకదు. ఆ విషయంలో మాత్రం నేనిప్పుడు అందరికీ సమానమే. చెవీ గొంతూ బాగున్నాయి. పక్కనున్న చిన్న మీట నొక్కితే పిలుపు అందుకునేలా అమర్చి, ఆమె నన్ను ఇక్కడ మేకుకు తగిలించి వెళ్లింది. ఆ మీటకు కావలసింది బలమొక్కటే, అది ఈ షెడ్డులో ఎవరికీ తక్కువ లేదు.

ఈ షెడ్డులో ఐదుగురు ఓపెన్ టెన్త్‌కు పేర్లిచ్చారు. అందరిలోకీ పెద్ద తవిటమ్మ. శనివారం నాలుగింటికి మోగుతాను. ఎవరో ఒకరు బూడిద చేత్తోనే మీట నొక్కుతారు. అటునుంచి ఢిల్లేశ్వరి పేర్లు పిలుస్తుంది.

"తవిటమ్మ పిన్నీ, ఉన్నావా?"

"ఉండక ఎక్కడికెల్తానే గుంటా? పోయినవారం లెక్క సగంలో వదిలీసావు. ముందది సెప్పు."

ఆ మాటను ఒక్క అక్షరం పోకుండా మోసుకెళ్లి ఆమె చెవిలో వేస్తాను.